వాకర్‌కు పక్షవాతం రాలేదు

ఎర్రబాయి పట్టణ పురపాలక అధికారి గారి సముఖమునకు, పాత క్వార్టర్ల గల్లీలో చెప్పుల దుకాణం నడుపుకొను మునీర్ సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: అంగన్‌వాడీ గేటు ఎదుట నేల కుంగుచున్నందున పిల్లలను వెంటనే వేరే చోటికి మార్చించుట గురించి.

1. నాకు నిరుడు పక్షవాతం వచ్చి ఎడమ కాలు పడిపోయినది. ఇప్పుడు నడుస్తున్నాను గాని ఆ మోకాలు సరిగా వంగదు. మోకాలు వంగనివాడు అడుగు పైకెత్తలేడు. తుంటి దగ్గర నుంచి కాలును పక్కకు తిప్పి ముందుకు వేయవలెను. అట్లు వేసినా బొటనవేలు నేలను గీరుకొనును. ఎడమ కాలు ఆలస్యమైనందున కుడి కాలు తొందరపడును, రెంటికీ పొత్తు కుదరదు. ఇదంతా తమకెందుకనగా, మోకాళ్లు మంచిగా వంగేవారు తెలియకుండానే దాటిపోయే ఎత్తుపల్లాలు నాకు తగులుతున్నవి.

2. నా మనవరాలు అంబ్రీన్‌ను అంగన్‌వాడీ నుంచి తీసుకుని వచ్చునప్పుడు గేటు ముందరనే పదే పదే పడుచున్నాను. మొదట నా కాలునే తిట్టుకున్నాను. ఫిజియోథెరపీ చేయించే మధులిక గారు మోకాలు కొలిచి, "చాచా, రంజాన్ అప్పటికంటె ఇప్పుడు మంచిగ వంగుతుంది. ఆస్పత్రి వరండాల ఒక్కసారి గూడ కాలు తట్టుకోలే. ఇంటికాడ ఎందుకు పడుతున్నరు?" అని అడిగినారు. ఆ చోటికి పోయి, కూలబడి, నేలను చేత్తో తడిమాను. గేటు వైపు నేల దిగి, ఇటువైపు అంచు లేచి ఉన్నది. అప్పుడు అంచు గోరు మందం ఉండేది, ఇప్పుడు వేలు మందం అయినది.

3. ఇదే సంగతి ఇదివరకు ఒక అర్జీలో విన్నవించుకొనియున్నాను. తమ ఇంజనీరు కరుణాకర్ గారు విచారణకు వచ్చి, అటూ ఇటూ నడిచి, "రోడ్డు మంచిగనే ఉన్నది సాబ్. మీ కాలే మంచిగ లేదు" అన్నారు. 'అర్జీదారుని మోకాలియందు లోపము కలదు, రోడ్డునందు లోపము లేదు' అని రాసి అర్జీని వైద్యశాఖకు పంపినారు. వైద్యశాఖ వారు దయతలచి నాకొక వాకర్ మంజూరు చేసినారు. అందులకు కృతజ్ఞుడను. వాకర్ కాళ్లు కూడా అక్కడే తట్టుకున్నవి. వాకర్‌కు పక్షవాతం రాలేదని తమకు వేరే చెప్పనక్కరలేదు.

4. మా పొరుగింటి అంతయ్య బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. ఆ నేల సంగతి అడిగితే ముందు తలుపు దగ్గరికి వేసినాడు. తర్వాత, "గీ గల్లీ కిందికెల్లి బొగ్గు తీసినం సాబ్. ఖాళీల ఇసుక నింపుతమన్నరు. నింపిన్రో లేదో మేం సూడలే" అన్నాడు. అంతయ్య ఇప్పుడు ఆ గేటు ముందు నుంచి నడవడు, చుట్టూ తిరిగి పోతున్నాడు.

5. గేటు గడియ పడటం లేదు. టీచరు శంకరవ్వ గిన్నెలు కడిగిన నీళ్లు మునుపు మురుగు మోరీలోకి పారేవి. ఇప్పుడు గోడ కిందికి పోయి ఎటో ఇంకిపోతున్నవి.

6. ఇది చిన్న ఫిర్యాదే గాని రాయకుండా ఉండలేను. కొద్ది రోజులుగా అంగన్‌వాడీ పిల్లలు గేటు దాటగానే కాలు ఈడ్చి, తూలి, నా నడకను వెక్కిరించి నవ్వుచున్నారు. అందులో నా మనవరాలు కూడా ఉన్నది. నాకు కళ్లలో నీళ్లు తిరుగుచున్నవి. వారికి బుద్ధి చెప్పించవలసినదిగా ప్రార్థన.

పిల్లను పంపవద్దని మా కోడలిని బతిమాలితే, "మీ కాలుకు పట్టిన భయం బచ్చీకి అంటిస్తున్నరు అబ్బా" అంటుంది. తమ కార్యాలయం చెప్పిందీ అదే. అయ్యా, నాకు నిజంగానే భయంగా ఉన్నది. నేను పడితే గల్లీలో పడతాను, ఎవరో ఒకరు లేపుతారు. ఆ గది పడితే పిల్లలు ఎంత లోతుకు పోతారని అంతయ్యను అడిగాను. లేచి లోపలికి పోయినాడు.

కావున తమరు ఈసారి నా కాలును గాక నేలను కొలిపించగలరని, అంతవరకు పిల్లలను ఆ గదిలో కూర్చోబెట్టరని నమ్ముచున్నాను. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మునీర్

తా.క.: ఈ అర్జీ ఇచ్చుటకు బయలుదేరి గేటు దగ్గరికి వచ్చేసరికి పిల్లలను ఇంటికి వదిలినారు. ఒకరి వెనుక ఒకరు తూలుతూ, నవ్వుతూ వస్తున్నారు. కోపం పట్టలేక వాకర్ ఎత్తి అరిచాను. శంకరవ్వ ఉరికొచ్చి నా చేయి పట్టుకున్నది. "పిల్లలు మిమ్ముల ఎక్కిరిస్తలేరు సాబ్. గాడ అంచుకు కాలు తట్టుకుంటున్నరు. రోజూ గంతే. ఆట అనుకుంటున్నరు" అన్నది.

అంబ్రీన్ మోకాళ్లు చక్కగా వంగుతవి సార్. ఆరో ఫిర్యాదు వాపసు తీసుకుంటున్న. మీరు జర జల్ది రాండ్రి.