మాస్టరు కుడిచేయి

అక్కకు,

నమస్కారం. ఇక్కడ అందరం క్షేమం, నువ్వూ క్షేమమని తలుస్తాను అని రాసి, ఆ వాక్యాన్ని కొట్టేశాను. మేము క్షేమంగా లేము. మా పచ్చబొట్ల కొట్టు యజమాని పోయిన శనివారం పట్టపగలు మా మాస్టరు కుడిచేతిని షట్టరు కింద నలగ్గొట్టించాడు. ప్రమాదం అని చెప్పుకుంటున్నాడు. అబద్ధం. కావాలని చేయించాడు. ఈ సంగతి పైన రాయకుండా కింద ఏం రాసినా నా కలం నన్నే ఛీ కొడుతుంది.

నీ ఉత్తరం అందింది. అడిగినవాటికి జవాబులు రాస్తాను. ఒక్కదానికి మాత్రం చివర్లో రాస్తాను, ఓపిక పట్టు.

"కంప్యూటర్లో బొమ్మలు కడుగుతానంటావు, అదేం ఉద్యోగంరా, బొమ్మలకేమైనా మురికి పట్టిందా" అన్నావు. పట్టిందే అక్కా! పచ్చబొట్టు వేయించుకోవడానికి వచ్చేవాళ్ళు చూసి ఎంచుకునేందుకు మా కొట్టు గోడల నిండా బొమ్మల కాగితాలు ఉంటాయి. ఫ్లాష్ షీట్లంటారు. పడగెత్తిన పాములు, గుండెలో దిగిన బాకులు, కోరలు చూపించే పులులు, అన్నీ మాస్టరు చేత్తో గీసినవే. ముందు పెన్సిలు, దాని మీద నల్లసిరా, ఆ తర్వాత నీళ్ళరంగులు. ఆ కాగితాన్ని నేను స్కాన్ చేస్తాను. కాగితం పసుపుదనాన్ని, టీ మరకను, వేలిముద్రను, కింద మిగిలిపోయిన పెన్సిలు గీతను చెరిపేస్తాను. సిరా గీతను ఒక పొరగా, రంగును ఇంకో పొరగా విడదీస్తాను. అప్పుడది గోరంత కావాలన్నా, వీపంత కావాలన్నా చెదరకుండా అచ్చవుతుంది.

ఆ పనిలో నేనొక మూర్ఖపు పని చేశాను. మాస్టరు చేతికి ఒక అలవాటుంది. పాము మెలిక తిరిగే చోట కలం ఎత్తరు. అక్కడే ఆపి ఊపిరి తీసుకుని మళ్ళీ సాగుతారు. ఆగిన చోట సిరా చిన్న పూసలా ఉబ్బుతుంది. తెర మీద పెద్దది చేసి చూస్తే నాకది లోపంలా కనిపించింది. ఒక్క పూసనూ వదలకుండా చెక్కేశాను. మురిసిపోతూ అచ్చు తీసి ఆయనకు చూపించాను. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని చాలాసేపు చూశారు.

"నా పాముకి వెన్నెముక తీసేశావు కదరా."

"నున్నగా ఉంది కదా మాస్టారూ!"

"వానపామూ నున్నగానే ఉంటుంది."

సూదమ్మ పడీపడీ నవ్వింది. సూదమ్మంటే మా కొట్లో సూది యంత్రం పట్టే ఆవిడ. ఆవిడ నోటి ముందు ఆ సూది మొద్దుదే.

ఆ నవ్వు అయిన కొన్నాళ్ళకు యజమాని అసలు కాగితాలన్నీ వెనక పెరట్లో డ్రమ్ములో వేసి తగలబెట్టాడు. చెదలు పడుతున్నాయన్నాడు. తర్వాత నేను కడిగిన బొమ్మలతో పుస్తకం వేయించాడు. అట్ట మీద తన పేరు, తన ఫొటో, చేతిలో కుంచె! గెడ్డం గీసుకునే బ్రష్షు తప్ప జన్మలో ఇంకో బ్రష్షు పట్టని మనిషి. మాస్టరు చేతి గుర్తులన్నీ నేనే చెరిపాను, మిగిలిన కాగితాలు యజమాని కాల్చాడు. ఇక ఆ బొమ్మలు ఎవరివని ఎవరు చెప్పాలి?

"నీ కరపత్రాల పిచ్చి తగ్గిందా" అని అడిగావు. తగ్గలేదు. బస్టాండులో పంచే ఆ పల్చటి పుస్తకాలే నా బడి, నా కాలేజీ. చేసినవాడి నుంచి చేసినదాన్ని లాక్కోవడం దగ్గరే ప్రతి హింసా మొదలవుతుందని ఒకదాంట్లో చదివి కింద గీత గీసుకున్నాను. అదే మాట మాస్టరుకు రోజూ వినిపించాను. "ఈ వయసులో నాకెందుకురా ఈ గోల" అనేవారు. నేను వదల్లేదు.

చివరికి శనివారం, కొట్టు నిండా జనం ఉండగా, ఆయన లేచి నిలబడ్డారు.

"ఈ పుస్తకంలో బొమ్మలు నావి. కాగితాలు తగలబెట్టారు, సరే. చేయి ఉందిగా. ఆయన్నీ నన్నూ పక్కపక్కన కూర్చోబెట్టండి. చెరో కలం ఇవ్వండి. పాము ఎవరికి వస్తుందో చూడండి."

ఎవరో ఈల వేశారు. యజమాని నవ్వాడు. "అలాగే మాస్టారూ. పుస్తకం విడుదల రోజు గీద్దురుగాని, అందరి ముందూ" అన్నాడు. ఆ నవ్వు చూసి నేను నెగ్గామనుకున్నాను. వెర్రివెధవను.

మధ్యాహ్నం భోజనాల వేళకు షట్టరు సగం దించారు. జనం వెళ్ళిపోయారు. లోపలి గదిలో సూదమ్మ ఒకాయన వీపు మీద పని ముగిస్తోంది, యంత్రం రొదపెడుతోంది. నేను ఎదురుగా కాలిబాట మీద టీ తాగుతున్నాను. గడప దగ్గర మరిచిపోయిన కలాల పెట్టె కోసం మాస్టరు వంగారు. యజమాని వెనక నుంచి నడుం మీద తన్నాడు. ఆయన బోర్లా పడ్డారు, కుడిచేయి సరిగ్గా షట్టరు దిగే ఇనుప గాడి మీద పడింది. యజమాని మోచేతి మీద బూటుకాలు వేసి అదిమిపెట్టాడు.

"దించు" అన్నాడు.

కొక్కెం కడ్డీతో షట్టరు దగ్గర నిలబడ్డ కాపలావాడు కదల్లేదు.

"దించెహె!"

షట్టరు దిగింది. మాస్టరు అరవలేదక్కా. నీళ్ళలోంచి తేలినవాడిలా నోరు తెరిచారంతే. యజమాని షట్టరు అంచు మీద ఎక్కి నిలబడి బరువంతా వేసి తొక్కాడు. ఎముక పగిలిన చప్పుడు రోడ్డవతల నాకు వినిపించింది. అప్పుడు అరిచారు. నేను పరిగెత్తేసరికి గాడి నిండా నెత్తురు, దాంట్లో ఒక వేలు తిరగబడి గోరు కిందికి ఉంది. డాక్టర్లు రెండు వేళ్ళు తీసేశారు. బొటనవేలికి స్పర్శ లేదు. ఆ చెయ్యిక కలం పట్టదు. వాడికి కావలసింది అదే.

ఇక నువ్వు ఉత్తరం పొడవునా అడిగిన ప్రశ్న. బావ ఫోను ఎందుకు ఎత్తడం లేదు?

బావ ఆస్పత్రిలో ఉన్నాడు. కడ్డీ పట్టుకున్న కాపలావాడు బావే. ఏదైనా పని చూపించమని నువ్వడిగితే ఆ కొట్లో నేనే పెట్టించాను, గుర్తుందిగా? మొదటి మాటకు ఆగింది బావ. రెండో మాటకు లాగిందీ బావే.

నేనా కడ్డీ లాక్కుని బావను కొట్టాను. యజమానిని కాదు, బావను. ఆ యజమాని నా కళ్ళముందే కారెక్కి వెళ్ళిపోయాడు, నేను మాత్రం మన మనిషిని బాదుతూ నిలబడ్డాను. బావ చేయి అడ్డం పెట్టలేదు. జబ్బ ఎముక విరిగింది, చెవి చీలింది, ఇంకా కొడుతూనే ఉన్నాను. సూదమ్మ నా జుట్టు పట్టి వెనక్కి ఈడ్చి చెంప పగలగొట్టింది. "ఉన్న ఒక్క సాక్షినీ చంపుకుంటావట్రా దద్దమ్మా!" అంది.

ఆ మాటే ఇప్పుడు మెడ మీద కూర్చుంది. షట్టరు స్ప్రింగు తెగిందని యజమాని స్టేషన్లో చెప్పాడు. మాస్టరు మాటను కక్ష అంటున్నారు. బావను కొట్టిన కేసు నా మీద ఉంది, నా మాట చెల్లదు. యంత్రం రొదలో సూదమ్మకు గాని, పచ్చబొట్టు వేయించుకుంటున్నాయనకు గాని ఏమీ వినపడలేదు. దించమన్నది ఎవరో బావ ఒక్కడే చెప్పాలి. యజమాని మనిషి ఒకడు రోజూ బావ మంచం పక్కన కూర్చుంటున్నాడు. నన్ను మెట్ల దగ్గర ఆపి, "మౌసు ఏ చేత్తో పడతావు?" అని ఆరా తీశాడు. రెండు చేతులూ చూపించి, ధైర్యం ఉంటే ఇప్పుడే ఎంచుకోమన్నాను. పక్కకు జరిగాడు.

బావ నన్ను చూసి గోడ వైపు తిరిగాడు.

"ఇంకో జబ్బ మిగిలిందని వచ్చావా?"

"ఎవరు దించమన్నారో చెప్పు బావా. అంతే చాలు."

"ఆయన నోటితో అన్నాడు. నేను చేత్తో చేశాను. చెప్తే ఎవణ్ణి లోపలేస్తారు?"

"ఇద్దర్నీ."

"అబద్ధమాడవు, అదొక్కటే నీలో మంచి." బాగున్న చేత్తో దుప్పటి పైకి లాక్కున్నాడు. "మీ అక్కకు తెలియనివ్వకు. తెలియకపోతే అప్పుడు చూద్దాం."

అర్థమైందా అక్కా? నీ దగ్గర దాస్తే బావ నోరు విప్పేవాడేమో. ఈ ఉత్తరంతో ఆ దారి నేనే మూసేస్తున్నాను. నీ కళ్ళకు గంతలు కట్టి నీ మొగుడి చేత నిజం చెప్పించడం నా వల్ల కాదు. అలా గెలిస్తే నాకూ ఆ కుంచె ఫొటోవాడికీ తేడా ఏముంది?

పుస్తకం విడుదల ఈ నెలాఖరు ఆదివారం పదకొండు గంటలకు, కొట్టు ముందే. మేము పదింటికే చేరుతున్నాం. ఆ వీధిలో పచ్చబొట్లు వేసేవాళ్ళంతా ఆ పూట యంత్రాలు ఆపి వస్తున్నారు, సూదమ్మ ఇంటింటికీ తిరిగి చెప్పింది. మాస్టరు కట్టు కట్టిన చేత్తో వస్తానన్నారు. "గీయలేను, చూపించగలను" అన్నారు. నేను చేతిలో పుల్ల కూడా పట్టనని ఆయనకు మాటిచ్చాను.

బావను ఆ ముందు శుక్రవారం ఆస్పత్రి నుంచి ఇక్కడి గదికి పంపుతారు. నువ్వు శనివారం బస్సెక్కు. మర్నాడు నువ్వే బావను పట్టుకుని నడిపించుకురా. చెప్తే అందరూ వింటారు. చెప్పకపోతే, నలిగిన ఆ చేతి ఎదురుగా, నీ పక్కన నిలబడి చెప్పకుండా ఉండనీ. నన్ను కొట్టాలనుంటే అక్కడే కొట్టు, తల వంచుకుని నిలబడతాను. కానీ రా. నువ్వు కుట్టు పని చేసే చోట సూదీ కత్తెరా పట్టినవాళ్ళకు కూడా చెప్పు. చేత్తో బతికే ప్రతి మనిషీ రావాలి.

ఆదివారం, ఉదయం పది గంటలకు, ఆ షట్టరు ముందు.

ఇట్లు,
నీ మొగుడి ఎముక విరగ్గొట్టిన,
నీ తమ్ముడు