వేడి చేసిందనుకున్నాం

మంగళవారం, రాత్రి

నాకు వేడి చేయలేదట. షుగరట. కింద దురద, మంట, విరిగిన పాలలాంటి తెల్లబట్ట, అన్నీ ఫంగస్ వల్లేనని, షుగర్ అదుపులో లేకపోతే మళ్లీ మళ్లీ వస్తుందని విజయవాడలో డాక్టరమ్మ చెప్పింది. "ఇన్నాళ్లూ ఏం వాడారమ్మా?" అని అడిగింది. పటికబెల్లం నీళ్లు అన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టేసింది.

పోయిన ఎండాకాలం నుంచి రోజూ పొద్దున్నే అత్తయ్య కలిపిచ్చిన గ్లాసు అది. "చలవ చేస్తది, తాగమ్మా" అనేది. తిరువూరు బస్సులో కూర్చుని ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు.

ఇంటికొచ్చి మందులు సర్దుకుంటుంటే అత్తయ్య తలుపు దగ్గరగా వేసి నా పక్కన కూర్చుంది.

"ఆ బిళ్లలేసుకుంటే దురద తగ్గుద్దా? నాక్కూడా ఒకటియ్యమ్మా. మీ మావయ్య ఉన్నప్పటి నుంచీ ఉంది నాకు. వేడి ఒళ్లు కదా, అదే పోద్దిలే అనుకున్నా."

రేపు ఆమెని ఏమని చెప్పి బస్సెక్కించాలో తెలియడం లేదు. మామిడికాయ కోతలప్పుడు రాయి తగిలి ఆమె కాలి బొటనవేలు చితికింది. తోట మళ్లీ పూతకొచ్చింది. ఆ వేలికి ఇంకా గుడ్డ కడుతూనే ఉంది.