కూత ఆగేవరకు

జూన్ 4
ఏడేళ్ళుగా అదే కుర్చీ. హాకీ అయినా కబడ్డీ అయినా, ఈ హిందీ ఊళ్ళో మా లోకల్ కేబుల్ ఛానెల్లో ఆట చెప్పేది తివారీజీ. స్కోరు చదివేది నేను. ఇవాళ పక్క ఊరు ఆరంగ్‌లో ఆయన టీకి లేస్తే రెండు నిమిషాలు మైకు నా చేతికి వచ్చింది. తిరిగొచ్చి, "బస్ మేడమ్, అబ్ దీజియే" అన్నారు. ఇచ్చేశాను. ఒళ్ళు మండిపోయింది.

జూన్ 9
హైదరాబాదు ఛానెల్ ఒకటి కబడ్డీ లీగ్‌కి తెలుగు కామెంటేటర్లను వెతుకుతోంది. గొంతు రికార్డు చేసి పంపాను. ఇంట్లో మాట్లాడేది తెలుగే కదా... ఇంకేం కావాలి?

జూన్ 17
వీడియో కాల్లో ట్రయల్. పాత మ్యాచ్ వేశారు, దానికి మాటలు చెప్పాలి. ప్రొడ్యూసర్ రఘురామ్ గారు వింటున్నారు. మొదట బాగానే ఉంది. ఆట వేడెక్కాక, స్కోరు ఇరవై తొమ్మిది దగ్గర నోట్లోంచి "ఉన్తీస్" ఊడిపడింది. ఆ వెనకే "తీస్". ఆయన ఆపేశారు.
"తెలుగులో రాకపోతే ఇంగ్లీషులో చెప్పండమ్మా. హిందీ ఎందుకు? సరే, ఆటగాడి కూత గురించి ఏదైనా చెప్పండి."
నేను — "సార్, కూత అంటే రైలుది కదా?"
అవతల ఎవరో నవ్వారు.
ఇక్కడ నా హిందీకి మద్రాసీ యాస అంటారు. అక్కడేమో నా తెలుగు హిందీలా ఉందట. ఆగస్టులో ఇంకోసారి వింటామన్నారు. వింటారు. వినిపిస్తాను.

జూన్ 18
నాన్నకి చెప్పాను. ముప్పై ఏళ్ళు రైలింజన్ నడిపిన మనిషి. పడీ పడీ నవ్వాడు.
"కూతంటే తెల్దేటే అమ్మీ? కబడ్డీ కబడ్డీ అంటా ఊపిరి తియ్యకండా ఎల్తాడు గదా, అదే కూత. నానూ పలాసలో ఆడినోణ్నే."
ఆడేవాడని నాకు తెలియదు. నేనెప్పుడూ అడగలేదు, ఆయన చెప్పలేదు.

జూన్ 25
పండరీ బట్టల బజారు. కనిపించిందల్లా లోపల్లోపల చెప్పుకుంటూ నడిచాను — కొట్టువాడు బట్ట తాను విప్పాడు, చేయి చాపాడు, ఆవిడ తల అడ్డంగా ఊపింది, వెనక్కి తిరిగింది... దుకాణంలో ఒకడు "క్యా బోల్ రహీ హైఁ దీదీ?" అన్నాడు. పైకే అనేస్తున్నానన్నమాట. సిగ్గేసింది. పక్క సందులోకి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టాను.

జూన్ 30
ఇరవై ఎనిమిది. ఇరవై తొమ్మిది. ముప్పై. మెట్లు ఎక్కుతూ, దిగుతూ.

జూలై 11
టీవీ గొంతు నొక్కేసి నేను ఆట చెబుతుంటే నాన్న పక్కన కూర్చుంటాడు. ఇవాళ విసుక్కున్నాడు. "అవుటని ముందే అనీసినావేటే? ఆడింకా పడలేదు గదా."
ఊపులో వచ్చేసిందన్నాను. ఊరుకోలేదు. ఇంజన్లో డ్రైవరూ అసిస్టెంటూ ప్రతి సిగ్నల్నీ పైకి చెప్పుకోవాలట. ఒకరు రంగు చూసి కేక వేస్తే, రెండోవారు తన కళ్ళతో చూసి మళ్ళీ కేక వేయాలి.
"కనపడకముందే కేకేసినోడు బండినీ ముంచుతాడు, జనాన్నీ ముంచుతాడు. సూసింది సెప్పు, బస్."
సాయంత్రం దాకా ఉడుక్కున్నాను. ఆయన చెప్పింది నిజమే.

ఆగస్టు 3
రెండో ట్రయల్. ఒక్క హిందీ అంకె కూడా రాలేదు. రఘురామ్ గారు — "ఒక మ్యాచ్ ఇస్తాను, లైవ్. అది చూశాక సీజన్ సంగతి మాట్లాడదాం."
తివారీజీకి చెప్పాను. "డర్నా మత్," భయపడొద్దు అన్నారు. ఆయన మీద కోపం సగం పోయింది. మిగతా సగం దాచుకున్నాను.

ఆగస్టు 19, హైదరాబాదు
మ్యాచ్ అయింది. మర్చిపోకముందే రాసేయాలి.
చివరి కూత. ఇరవై తొమ్మిది – ఇరవై తొమ్మిది. తెలుగులోనే వచ్చింది. కూతకి వెళ్ళినవాడు ఒకణ్ణి తాకి వెనక్కి తిరిగాడు, నలుగురు మీద పడ్డారు. కింద నుంచి మధ్య గీత వైపు చేయి చాపాడు. నా పక్కన కూర్చున్న మాజీ ఆటగాడు "గెలిచేశారు" అని అరిచేశాడు. చెవిలో రఘురామ్ గారు — "చెప్పండి, గెలుపు చెప్పండి."
నాకు గీత కనపడలేదు. మధ్యలో అంతా మనుషులే.
"కూత ఆగింది. చేయి గీత దాకా అందిందో లేదో నాకు కనపడలేదు. అంపైర్‌ని చూస్తున్నాను" అని ఊరుకున్నాను.
చెవిలో — "మాట్లాడండమ్మా... మాట్లాడండి." భయంతో చచ్చాను. అయినా నోరు తెరవలేదు.
అంపైర్ చేయి లేచింది — పట్టుకున్నవాళ్ళ వైపు. అప్పుడు చెప్పాను, ముప్పై – ఇరవై తొమ్మిది అని.
బయటికొస్తే రఘురామ్ గారు నా మొహం చూడలేదు. "లైవ్‌లో అంతసేపు ఖాళీ వదులుతారా?" వెళ్ళిపోతూ, "ఫోన్ చేస్తాం."

ఆగస్టు 20, రైల్లో
ఈ ఉద్యోగం రాకపోయినా ఫరవాలేదు అని రాయబోయాను. అబద్ధం. నాకు ఆ కుర్చీ కావాలి. తప్పు చెప్పి మాత్రం వద్దు.

ఆగస్టు 24
ఫోన్ లేదు. మళ్ళీ పాత కుర్చీలో, పక్క ఊరు మందిర్ హసౌద్‌లో హిందీలో స్కోరు చదువుతూ, "ఉన్తీస్" అనాల్సిన చోట "ఇరవై తొమ్మిది" అనేశాను. మైదానమంతా నవ్వులే. తివారీజీ కూడా. నాకూ నవ్వొచ్చింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది.

ఆగస్టు 27
తలస్నానం చేసి వచ్చేసరికి హైదరాబాదు నంబరు నుంచి రెండు మిస్డ్ కాల్స్. తిరిగి చేసేముందు ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.
వరండాలోంచి నాన్న — "సిగ్నలేటే అమ్మీ?"
"ఇంకా కనపళ్ళేదు నాన్నా."
"అయితే కేకెయ్యకు."
నంబరు నొక్కుతున్నాను.