పడవలో దొరికిన శాంతం

ఫిబ్రవరి 3, 1936. సోమవారం.
భీమడోలు నుంచి కాలువ పడవలో వస్తుంటే పుస్తకం దొరికింది. ఎవరో మరిచిపోయి దిగారు. అట్ట లేదు. మొదటి వాక్యం: "చదువరీ, ఈ క్షణాన మనసులో ఎవరిని తిట్టుకుంటున్నావు?"
ఉలిక్కిపడ్డాను! తాడేపల్లిగూడెంలో ఉన్న మా బావమరిది చలపతిరావును తిట్టుకుంటున్నాను. ఏడేళ్ల కిందట వాళ్లింటి పెళ్లిలో నన్ను, ఇంటి అల్లుణ్ణి, రెండో బంతిలో భోజనానికి కూర్చోబెట్టాడు. నాటి నుంచి నేను ఆ గడప తొక్కలేదు. ఆదిలక్ష్మినీ పుట్టింటికి పంపలేదు.
బడి పంతులుగా ఎన్ని పుస్తకాలు చదివాను! ఇంత సూటిగా ఏదీ అడగలేదు.
నలభై రోజులు కోపం మానాలట. మానేశాను!

ఫిబ్రవరి 4.
పాలలో నీళ్లు. పల్లెత్తు మాట అనలేదు. పాల పెద్దింటమ్మ హడలిపోయింది. "పంతులుగారూ, ఇయ్యాల తిట్టలేదేంటండీ? ఒంట్లో బాగోలేదాండీ?"
ఆదిలక్ష్మి సందు చూసుకుంది. "ఏవండీ, పదమూడో తారీకున తమ్ముడి కూతురి పెళ్లండీ. ఈసారైనా పంపిస్తారా?"
చూద్దామన్నాను. ఆవిడ కళ్లు తుడుచుకుంది. పుస్తకం గొప్పది!

ఫిబ్రవరి 6.
పాలు ఇంకా పలచబడ్డాయి. శాంతానికి ఇదీ బహుమానం.
గ్రంథాలయంలో కార్యదర్శి సోమరాజు నేటి పత్రిక తలకింద పెట్టుకుని నిద్ర. "తమరి నిద్ర చెడగొట్టాను, మన్నించాలి" అన్నాను. వెటకారం కోపం కాదు. పుస్తకమంతా వెతికాను, నిషేధం లేదు.
ఎవడో బుద్ధిహీనుడు ప్రతి పేజీలో పెన్సిలు గీతలు గీశాడు. దొరికితేనా... వద్దు. శాంతం.

ఫిబ్రవరి 8.
పెద్దింటమ్మను తిట్టాను. తనివితీరా. అది ధర్మాగ్రహం, లెక్కలోకి రాదు.
ఆదిలక్ష్మికి మాత్రం వెళ్లమని చెప్పాను. పెట్టె సర్దుకుంటోంది.

ఫిబ్రవరి 10.
అక్కను తీసుకెళ్లడానికి చలపతిరావే వచ్చాడు. మంచినీళ్లిచ్చాను. నవ్వాను కూడా! వాడి చూపు బల్లమీద పడింది.
"అరెరె, ఈ పుస్తకం నాదేనండీ బావగారూ! పడవలో మర్చిపోయానండీ. గీతలు చూడండి, నావేనండీ. మీమీద కోపం పోవాలని కొనుక్కున్నానండీ. పోయిందండీ! మిమ్మల్ని క్షమించేశాను."
"నామీద నీకు కోపమేమిటి?"
"విస్తరి ముందు నుంచి లేచిపోయి పెళ్లంతా అల్లరి చేశారు కదండీ."
కోపం నాది! ఏడేళ్లు నేను పోషించుకున్నది! క్షమించడానికి వీడెవడు?
ఏమేమన్నానో రాయను. వీధంతా మా గుమ్మం ముందే ఉంది. చివరికి ఆదిలక్ష్మితో, "ఈ గడప దాటితే మళ్లీ రావద్దు" అన్నాను.
"అలాగేనండీ" అంది. ఎప్పటంత మెత్తగానే. "చారు దింపేశానండీ. అప్పడాలు డబ్బాలో ఉన్నాయి."
పెట్టె తమ్ముడి చేతికిచ్చి దాటింది.
"పుస్తకం ఉంచుకోండి బావగారూ" అన్నాడు వాడు.

ఫిబ్రవరి 13.
ఈపాటికి తాడేపల్లిగూడెంలో తాళి కట్టేసి ఉంటారు.
పొద్దుటి నుంచి ఎవరినీ తిట్టలేదు. ఇంట్లో ఎవరూ లేరు.
కుంపటి రాజుకోలేదు. దాన్ని తిట్టాను. కుంపటి మనిషి కాదు గనుక దీక్ష చెడినట్టు కాదు. అయినా అనుమానం దేనికి? రేపే మళ్లీ మొదటి రోజు.