అన్నం తిన్న చెయ్యి

టెక్కలి,
14 నవంబరు 2024

గ్రంథకర్తలూ, ఆదివారం నాడు శాలువా కప్పించుకోబోయేవారూ, నాకు వరసకు బావా అయిన ఢిల్లీశ్వరరావు గారికి భాస్కరరావు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నా మోకాళ్లు తప్ప తక్కినవన్నీ క్షేమం. అక్కడ పలాసలో నీ కీర్తీ, నీ కొత్త పళ్లసెట్టూ క్షేమమని తలుస్తాను.

బావా, నీ ‘నలుపు తెలుపు నేరాలు’ అందింది. అట్ట మీద టోపీ, సిగరెట్టు పొగ, పొగలోంచి నీ ముఖం. పాత అమెరికా నేరచిత్రాల మీద తెలుగులో ఇంత లావు పుస్తకం రాలేదని పేపర్లో రాశారు. లావు సంగతి నిజమే. రెండుసార్లు చదివాను. ఈ వయసులో నన్ను అంతగా నవ్వించిన పుస్తకం మరొకటి లేదు.

ముందుమాటలో నా పేరు కనిపించింది. ‘మా వీడియో ప్రదర్శనలకు మిత్రుడు భాస్కరరావు వరండా ఇచ్చేవాడు, జీడిపప్పు వేయించి పెట్టేవాడు’ అన్నావు. కాలేజీలో ఇంగ్లీషు చెప్పుకునేవాణ్ణి వంటవాణ్ణి చేశావు. సరే. ఆ పప్పు మీ ఫ్యాక్టరీదే, అదీ అమ్ముడుపోని ముక్కపప్పు. ఆ కింది వాక్యంలోనే, టీవీ పక్కన నిలబడి సంభాషణలన్నీ అప్పటికప్పుడు తెలుగులో చెప్పినవాడివి నువ్వేనని రాసుకున్నావు. బావా, సినిమా ఆఖర్న తెర మీద పడే రెండు మాటలు కూడా నన్నే చదివి పెట్టమనేవాడివి కదా.

విశాఖలో ఓడ మీద పనిచేసే మా బావమరిది ఆ క్యాసెట్లు తెచ్చేవాడు. ఆదివారం మధ్యాహ్నం తలుపులు మూసి, కిటికీలకు మా ఆవిడ సరోజిని చీరలు కట్టి ఆడించేవాళ్లం. నౌపడ ఉప్పు మడుల నుంచి కొందరు, మూలపేట వైపు నుంచి రామూర్తి, అతని భార్య మంగ వచ్చి చాప మీద కూర్చునేవారు. పడక్కుర్చీ మాత్రం నీది. నేను బెత్తం పట్టుకుని ఎవడు ఎవణ్ణి చంపుతున్నాడో చెబుతుంటే నువ్వు ఊరుకునేవాడివి కాదు. “ఏటి బావా, ఆ సెడ్డముండాకొడుకు అలాగ తప్పించుకుపోతే మాకేటి సుకం? సంపీ” అనేవాడివి. మంగ వెనక్కి తిరిగి, “ఆరు తీసిన బొమ్మని ఈరు మార్సమంతన్నారేటి బాబూ” అని ముక్కు మీద వేలేసుకునేది.

పోలీసులు వచ్చిన రోజును ఒక పేజీలో ముగించావు. ‘లైసెన్సు లేదని ఎవరో గిట్టనివారు చెప్పారు, ఎవరో నేటికీ తెలియదు’ అన్నావు. ఆ మధ్యాహ్నం సరోజిని చేసిన చేపల పులుసు మూడుసార్లు వేయించుకుని, “పొట్ట బరువుగుంది బావా, నాలుగడుగులేసి ఒత్తాను, బొమ్మెట్టీకు” అని బయటికి వెళ్లావు. నువ్వు రాలేదు, జీపు వచ్చింది. వీసీఆరూ క్యాసెట్లూ పోయాయి. నన్ను సాయంత్రం దాకా స్టేషన్లో నిలబెట్టారు, కాలేజీవాళ్లు సస్పెండ్ చేశారు. ఇవన్నీ నీ పుస్తకంలో లేవు. మీ నాన్నగారి సినిమా హాలుకు ఆ నెల నుంచి మళ్లీ జనం వచ్చారన్న సంగతి కూడా లేదు.

తర్వాత అరువు వీసీఆర్ తెచ్చి ఓడరేవు సినిమా వేశాను. దాని మీద నువ్వు రాసిన అధ్యాయం పుస్తకానికే తలమానికమట. నాయకుడు సరుకుల గిడ్డంగిలో దాక్కుంటాడు. అతని ధనవంతుడైన స్నేహితుడు వాళ్లింట్లోనే తిని, వెళ్లి పోలీసులకు చెబుతాడు. నాయకుడి భార్య, “మా ఇంట అన్నం తిన్నావు, చెయ్యి ఆరకముందే మమ్మల్ని అమ్ముకున్నావు” అంటుంది. ఈ ఒక్క మాటను పన్నెండు పేజీలు విశ్లేషించావు. ఆ స్నేహితుణ్ణి ‘ప్రపంచ సినిమాలోకెల్లా నీచుడు’ అన్నావు. నీ పుస్తకంలో నేను ఒప్పుకునే వాక్యం అదొక్కటే.

ఆదివారం కాశీబుగ్గ సభలో సన్మానానికి ముందు ఆ సినిమానే వేస్తానని, డిస్కు పంపమని మీ అబ్బాయి మహేష్‌ని పంపావు. సంతోషంగా ఇస్తున్నాను. శుభ్రం చేసిన ప్రింటు, ముఖాల మీద నీడలు కూడా విడివిడిగా కనిపిస్తాయి. విశాఖలో సినిమాలకు సబ్‌టైటిల్స్ రాసే మా అమ్మాయి సుప్రజ, దీనికి తెలుగులో మాట మాటకూ రాసి పెట్టింది. పెద్ద అక్షరాలు. వెనక వరసకూ కనిపిస్తాయి.

నేను రాలేను. మోకాళ్లు. నా బదులు రామూర్తినీ మంగనీ పంపుతున్నాను.

ఇట్లు,
నీ జీడిపప్పు వేయించినవాడు,
భాస్కరరావు

తా.క.: ఈ కవరును సినిమా అయ్యాక, లైట్లు వేశాక నీ చేతికి ఇవ్వమని మహేష్‌కి చెప్పాను. కుర్రాడు మాట మీద నిలబడతాడు, ఆ గుణం తల్లిది. కనుక నువ్వు ఇది చదివేసరికి, నీ పుస్తకం కొన్నవాళ్లందరూ సినిమా చూసేసి ఉంటారు. అందులో ధనవంతుడైన స్నేహితుడు లేడు. ఎవడూ ఎవరింటా అన్నం తినడు, నాయకుడికి పెళ్లే కాలేదు. అమెరికా ఆడది అన్నం గురించి, చెయ్యి ఆరడం గురించి ఎందుకు మాట్లాడుతుందని పన్నెండు పేజీల పొడవునా నీకు అనుమానం రాలేదు. ఆ మాట సరోజినిది. నన్ను ఎక్కించుకుని జీపు కదులుతుంటే గుమ్మంలో నిలబడి నీ గురించి అన్నది. “మీ పడక్కుర్చీ బాబే సెప్పాడు మాస్టారూ” అని హెడ్డు కానిస్టేబులు నాకు చెప్పాకే, నీ ఎదురుగా నిలబడి, బెత్తం పట్టుకుని, నీ కథ నీకే చెప్పాను. చాప మీద ఉన్నవాళ్లందరూ వెనక్కి తిరిగి నిన్నే చూశారు. నువ్వు చప్పట్లు కొట్టి, “ఆణ్ణి ఒగ్గకు బావా” అన్నావు.

ఒగ్గలేదు.

మొన్న సుప్రజ సబ్‌టైటిల్స్ పూర్తి చేసి, నీ పుస్తకం పక్కన పెట్టుకుని అడిగింది: “నాన్నా, ఆ నీచుడు ఏ సీన్లో వస్తాడు? ఎక్కడా కనిపించలేదు.” తెర మీదికి రాడమ్మా, సినిమా అయ్యాక శాలువా కోసం వేదిక ఎక్కుతాడు అని చెప్పాను.