జీపులో ఒక సీటు

నానక్‌రామ్‌గూడ

మా ఆయనకు నమస్కారం. నా రాత వంకర, తప్పులు కూడా ఉంటాయి, మన్నించండి. ఏడో తరగతితో ఆగిపోయిన చెయ్యి ఇది. ఇక్కడ నేను, అత్తమ్మ బాగున్నాం. తాడోబా అడవి ఎండల్లో సారు వెంట మీరు తలకు తువ్వాలు చుట్టుకొనే తిరుగుతున్నారని అనుకుంటాను.

రామచంద్రం సారుకు కొత్త లెన్సు ఇవ్వడానికి సారు వాళ్ల శ్రీను రేపు అక్కడికి వస్తున్నాడు. ఈ ఉత్తరం అతనికే ఇస్తున్నాను. ఫోనులో చెబుదామంటే మీకు సిగ్నల్ ఉండదు, ఉన్నప్పుడు నాకు మాట రాదు.

మీరు అడిగినవాటికి జవాబు. అత్తమ్మ మోకాలి నొప్పి తగ్గింది. నేను పంపిన ఫోటోలో ఆ నల్ల చుక్క ఏమిటని నవ్వారు కదా, అది నీటికోడి. నేను ఊడ్చే ఆఫీసు పక్కన పునాదికి తవ్వి వదిలేసిన పెద్ద గుంత ఉంది. వానలకు నిండింది. మూడో అంతస్తు పార్కింగు పిట్టగోడ దగ్గర నిలబడి తీశాను.

అదొక్కటే కాదు. వానాకాలంలో అది పిల్లలను వెంటేసుకొని తుంగలో తిరగడం తీశాను. చలికాలంలో పొగమంచుకు గుంత కనబడక బాతుల అరుపులే వినిపించేవి. అదీ తీశాను, ఫోటో అంతా తెల్లగా వచ్చింది. ఇప్పుడు నీళ్లు అడుగంటాయి, బురదలో కొంగలు దిగుతున్నాయి.

సూపర్‌వైజర్ బాలనర్సయ్య ఒకరోజు చూసి, "ఏందమ్మా, ఆ గుంతల నీకేమన్న ప్లాటున్నదా, గట్ల సూస్తున్నవ్?" అన్నాడు. ఫోను చూపించాను. "అరె, గిది గిక్కడిదేనా? జర నాకు గూడ పంపు" అన్నాడు. ఇప్పుడు రోజూ, "ఇయ్యాల ఏమొచ్చినయమ్మా?" అని అడుగుతాడు.

వానల ట్రిప్పుకు వంట చేయడానికి నన్ను తీసుకురమ్మని సారు అన్నారని రాశారు. అత్తమ్మ ఒక్కతే ఎట్లా ఉంటుందని ఇన్నాళ్లూ దాటవేశాను. ఆమే నన్ను తిట్టింది: "నా బిడ్డ మదీనాగూడల లేదా? ఆడికి పోత. నా పేరు జెప్పి నువ్వెందుకు ఇంట్ల గూసుంటవ్?"

అసలు సంగతి వేరు. మీరు ఇంటికొచ్చి సారు తీసిన ఫోటోలు ఫోనులో చూపిస్తే, "బాగున్నాయి" అని పొయ్యి దగ్గరికి పోయేదాన్ని. నాకు నచ్చలేదనుకున్నారు. నచ్చకపోవడం కాదు, కడుపు మండేది. పులి నీళ్లు తాగడం మీరు కళ్లారా చూశారు. నేను ఫోనులో మీ బొటనవేలి పక్కన చూశాను. పోయినసారి వంటకు వచ్చినామె నెలరోజులు అడవి పక్కనే ఉండి ఒక్క జింకను కూడా చూడలేదని, అందరూ లోపలికి పోతే ఉప్మా గిన్నెకు కాపలా కూర్చునేదని చెప్పి నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

వస్తాను. కానీ పొద్దున జీపులో నాకొక సీటు కావాలి. వెనకదైనా సరే, రోజు విడిచి రోజైనా సరే. టిఫిను ముందే చేసి డబ్బాల్లో సర్దుతాను, ఎవరినీ ఆకలితో ఉంచను. సీటు లేదంటే మాత్రం రాను. నా గుంత నాకు చాలు.

సారును అడగడానికి మీకు మొహమాటం. ఆయన ఎదుట నాకు నోరే పెగలదు. ఎవరైనా చూస్తే నవ్వుతారని నా ఉత్తరాలన్నీ చదివి కాల్చేయమనేదాన్ని. ఇది కాల్చకండి. తప్పులతో సహా సారు చేతికి ఇవ్వండి.

ఇట్లు,
మీ ఇంటామె
సరిత