తలుపు మీద పాత బొక్కలు

గ్రేస్ మేడమ్,

మీరు పోయి ఈరోజుకి ఏడాది. "బుద్ధిమాంద్యం పిల్లల హోమ్" అని ఎవరన్నా అంటే "పిల్లలు కాదు, పెద్దవాళ్లు" అని మీరు సరిదిద్దిన మారేడ్‌పల్లి ఇంటికి ఇప్పుడు నేనే ఇన్‌ఛార్జిని.

పోయిన వారం మన హోమ్‌లో ఉండే శీను ఎవరికీ చెప్పకుండా గేటు దాటి మౌలాలి దాకా నడిచి వెళ్లాడు. క్షేమంగానే తిరిగొచ్చాడు. అయినా కమిటీవాళ్లు భయపడి, గదులన్నిటికీ బయట గడియలు పెట్టించాలని కాగితం పంపారు. నేను సంతకం పెట్టాను. మా ఇంట్లో సంతకం నేర్చిన మొదటి మనిషినని మీరు అందరికీ గొప్పగా చెప్పేవారు.

ఈ ఉదయం వడ్రంగి వచ్చాడు. స్టెల్లా గది తలుపు మీద రంగు గీకి నవ్వాడు.

"మేడమ్, ఈడ పాత బొక్కలే ఉన్నయ్. పని జల్ది అయిపోతది."

మీరు ఇక్కడికొచ్చిన మొదటి రోజే ఆ గడియలన్నీ మీ చేత్తో ఊడదీసి, బొక్కలు పూడ్చారని ఆయా చెప్పేది. ఆ గడియల వెనక ఉన్నవాళ్లలో ఇంకా ఇక్కడ మిగిలింది స్టెల్లా ఒక్కతే.

వడ్రంగి కొత్త గడియను ఒకసారి లాగి చూశాడు. హాల్లో టీ తాగుతున్న స్టెల్లా ఆ చప్పుడు విని గ్లాసు కింద పెట్టింది. నలభై ఏళ్ల మనిషి, తనే లేచి గదిలోకి పోయి తలుపు మూసుకుంది.

"స్టెల్లా, టీ చల్లారిపోతుంది, బయటికి రా" అన్నాను.

"వద్దక్కా" అంది లోపలినుంచి. "గడియ వెయ్. గ్రేస్ మేడమ్ వచ్చి తీస్తది."

ఇది రాస్తుండగా వడ్రంగి శీను గది తలుపు గీకుతున్నాడు. నేనింకా అతన్ని ఆపలేదు.